నిజాంకు తలవంచలేదు, మిలిటరీకి లొంగలేదు: షాయర్ మఖ్దూం జైలు కథ

ప్రతి ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే హైదరాబాద్ సంస్థానం గురించి అదే వాదన. విలీనమా, విమోచనమా అని. ఆ గొడవలో ముస్లిం అంటే రజాకార్ అనే ముద్ర సులువుగా పడిపోతుంది. కానీ నిజాం కాలంలోనూ, తర్వాత వచ్చిన మిలిటరీ పాలనలోనూ సర్కారు వెతికిన వాళ్లలో ఒక ముస్లిం కవి ఉన్నారు. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్.

1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టారు. చిన్నప్పుడే వాలిద్ చనిపోతే చాచా బషీరుద్దీన్ పెంచారు. మసీదు ఊడ్చడం, వజూకి నీళ్లు నింపడం ఈ పిల్లాడి పనే. రష్యాలో విప్లవం వచ్చిందని, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని చాచా చెప్పిన ముచ్చట ఆయన మనసులో నాటుకుపోయింది.

ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. చేశారు. నాటకాలు రాసి, వేషాలు కూడా వేశారు. సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. ముషాయిరాల్లో మంచి పేరు. హాయిగా బతకొచ్చు. అయినా 1940ల మొదట్లో ఆ ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఉద్యమంలోకి దిగారు. 1944లో మొదటి కవితా సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వచ్చింది. అంటే ఎర్రని ఉదయం.

రాజ్ బహదూర్ గౌర్ లాంటి మిత్రులతో కలిసి రైల్వేలో, ఫ్యాక్టరీల్లో యూనియన్లు కట్టారు. పరవాడ ఫార్మా సిటీలో, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీలకు వెళ్లే కుటుంబాలకు యూనియన్ విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో ఆ మాట ఎత్తితేనే కేసు.

1946లో సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. మఖ్దూం అజ్ఞాతంలోకి వెళ్లారు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దేశ్‌ముఖ్‌ల వెట్టిచాకిరీకి ఎదురు తిరిగిన రైతుల వెనక ఉర్దూ షాయర్ నిలబడ్డారన్నమాట. ఆయన ఒక్కరే కాదు. దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన షేక్ బందగీ 1940లోనే హత్యకు గురయ్యాడు. రజాకార్లను ఎదిరించి రాసిన ఉర్దూ జర్నలిస్టు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది. నిజాం పాలన పోయి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యారు. ఏ పాపం తెలియని ముస్లింలు వేలల్లో చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ నివేదిక చెప్పింది. ఇంకోవైపు పారిపోయిన దొరలు సైన్యం వెంట తిరిగి ఊళ్లకు చేరారు. పేదలు పంచుకున్న భూములు మళ్లీ లాక్కున్నారు. దాంతో పోరాటం ఆగలేదు, మఖ్దూం అజ్ఞాతవాసమూ ముగియలేదు. పాలకులు మారినా పోలీసుల వేట మారలేదు.

1949 చివర్లో మిలిటరీ గవర్నర్ పాలన పోయినా ఎన్నికైన ప్రభుత్వం ఇంకా రాలేదు. 1951లో మఖ్దూం దొరికిపోయారు. హైదరాబాద్ సెంట్రల్ జైల్లో పెట్టారు. అక్కడే ‘ఖైద్’ అనే నజ్మ్ రాశారు. ఖైదీ ఒంటరితనం, గోడల అవతల సాగే జీవితం మీద ఆరాటం అందులో కనిపిస్తాయి. నినాదాలు రాసిన చేత్తోనే అంత మెత్తని కవిత్వం రాయగలిగారు. అదే ఏడాది అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

విడుదలయ్యాక 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలోనూ పనిచేశారు. ప్రేమ గజళ్లు రాయడం మానలేదు. ‘బాజార్’ సినిమాలో పూల రాత్రి గజల్ విని మురిసిపోయే చాలామందికి అది ఈ జైలు పక్షి రాసిందని తెలియదు. ‘బిసాతె రక్స్’కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాద్‌లో హజ్రత్ షా ఖామోష్ దర్గా కబ్రస్తాన్‌లో ఖననం చేశారు. ఆయన యాదిలో పాకిస్తాన్ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ గజళ్లు రాశారు. ట్యాంక్‌బండ్ మీద మఖ్దూం విగ్రహం కూడా ఉంది. ఈసారి అటు వెళ్తే పిల్లలకు దాన్ని చూపించి, ఈయన మనవాడు, అందరివాడు అని చెప్పాలి.