పావులూరి మల్లన: లెక్కను తెనిగించిన కవి

కూడికలూ తీసివేతలూ చకచకా చేసేవాళ్లం కూడా, లెక్కను నాలుగు వాక్యాల్లో చెప్పి జవాబు తెమ్మంటే బిక్కమొహం వేస్తాం. యాడికి నుంచి వచ్చిన మాకే కాదు, ఇది చాలామంది అనుభవమే. చిక్కు అంకెల్లో లేదు. మాటను అంకెగా మార్చుకోవడంలో ఉంది. లెక్కల శాస్త్రాన్ని మన మాటల్లోకి మొదట తెచ్చిన మహనీయుడు పావులూరి మల్లన.

సాహిత్య చరిత్రలు ఆయన్ను 11వ శతాబ్దపు కవిగా పేర్కొంటాయి. రాజరాజ నరేంద్రుని ప్రోత్సాహంతో నన్నయ భారతాన్ని తెనిగించిన శతాబ్దమది. పురాణాలూ ఇతిహాసాలూ అన్ని ఉండగా, మల్లన చేపట్టింది గణితాన్ని! 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. కొంత భాగం పోగా మిగిలింది చెప్పి, మొత్తమెంత అని అడిగే లెక్కలు అందులో కొల్లలు. ఆ గ్రంథాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అదే సారసంగ్రహ గణితము. వాడుకలో పావులూరి గణితం. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే.

ఆయన మక్కికి మక్కి దింపలేదు. శైవుడు గనుక జైన ప్రసక్తులు తీసి శివుణ్ణి నిలిపాడు. వర్గానికీ ఘనానికీ మూలంలో ఉన్న పెక్కు పద్ధతులను కుదించాడు. కొత్త లెక్కలు చేర్చాడు. చదరంగపు 64 గళ్లలో ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోతే వచ్చే 20 అంకెల మొత్తాన్ని, చంద్రుడంటే 1, శరమంటే 5 అనే సంకేతాలతో పద్యంలో ఇమిడ్చాడు.

ఇక మన ఊరి లెక్క ఒకటి చూద్దాం. ఒక రైతు చెనిక్కాయ మూటల్లో సగం కల్లంలోనే అప్పు కింద సావుకారి పట్టుకుపోయాడు. నాలుగో వంతు విత్తనానికి తీసిపెట్టారు. ఇంటికి చేరినవి 12 మూటలు. మొత్తం ఎవరూ ఎంచలేదు. మన పూర్వులు తెలియని రాశిని యావత్తావత్ అని, పొట్టిగా యా అని రాసేవారు. మనమూ అలాగే రాద్దాం:

యా − యా/2 − యా/4 = 12

అంటే యాలో నాలుగో వంతు 12. కనుక మొత్తం 48 మూటలు. అప్పుకు పోయినవి 24. సావుకారి చీటీలో 20 అని ఉంటే, తక్కిన 4 మూటలేవని రైతు నిలదీయవచ్చు. సమీకరణం రాయడం రానివాడు చీటీలో ఉన్నదే నిజమనుకొని వేలిముద్ర వేసి వస్తాడు. వానలే సరిగా పడని మన సీమలో 4 మూటలంటే మాటలా?

మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో చీటీలు ఒకసారి తీసి చూడండి. తెలియనిదానికి ఒక పేరు పెట్టి, ఉన్న సంగతిని ఒక్క వరుసలో రాయండి. ఆ వరుసను నాయనకూ అమ్మకూ ఇంటి మాటల్లోనే విడమర్చి చెప్పండి. మల్లన రుణం కొంతైనా తీర్చుకున్నట్టే.