కీర్తిశేషులు చక్రపాణి

గ్రంథాలయమున బీరువా తెఱచి పుస్తకము చేతబట్టుకొను పాఠకునకు గ్రంథకర్త పేరు జ్ఞాపకముండును. ఆ గ్రంథమును పరభాష నుండి తెచ్చి తెలుగు చేసినవాని పేరుగాని, అచ్చు వేయించి ఊరూర చేర్చినవాని పేరుగాని సామాన్యముగ జ్ఞాపకముండదు. ఈ రెండు పనులను చేపట్టి, కొద్దిపాటి చదువు గలవారికి సైతము పఠనమున రుచి కలిగించినవారు చక్రపాణి గారు. వారు మన గుంటూరు మండలమువారగుట మనకు గర్వకారణము. మన గ్రంథాలయ రజతోత్సవ సమయమున వారి జీవితమును స్మరించుకొనుట సముచితము.

వారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. 1908 ఆగస్టు 5వ తేదీన తెనాలిలోని ఐతానగరమున ఒక సామాన్య రైతు కుటుంబమున జన్మించిరి. తల్లిదండ్రులు వెంకమ్మ, గురవయ్య గార్లు. వారి బాల్యము జాతీయోద్యమము మన ప్రాంతమున ఉద్ధృతముగ సాగిన కాలము. 1921లో చీరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి రామనగరున పాకలు వేసికొనిరి. 1921–22లో పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి గారి నాయకత్వమున పన్నుల నిరాకరణ సాగించిరి. ఆ గాలి సోకిన యువకులలో వెంకటసుబ్బారావు గారొకరు. వారు బడిచదువు విడిచి, గాంధీమహాత్ముడు ప్రోత్సహించిన హిందీభాషను యలమంచిలి వెంకటప్పయ్య గారి వద్ద అభ్యసించిరి. హిందీ పండితులగు వ్రజనందనశర్మ గారు వారికి చక్రపాణి యను కలము పేరు పెట్టిరి. నాటినుండి లోకము వారిని ఆ పేరుననే ఎఱుగును. సంస్కృతము, ఆంగ్లము, తమిళము వారు స్వయంకృషితో నేర్చుకొనిరి.

ఇంతలో క్షయవ్యాధి వారిని పట్టుకొనినది. 1932లో మదనపల్లె శానిటోరియమున చేరిరి. క్షయను కుదుర్పగల స్ట్రెప్టోమైసిను మందు 1943లోగాని కనుగొనబడలేదు. అంతవఱకు మంచి గాలి, బలవర్ధకమగు ఆహారము, మంచముపై విశ్రాంతి, ఇవియే చికిత్స. వ్యాధిగ్రస్తులు నెలల తరబడి రేపు మాపు లెక్కపెట్టుకొనుచు పడియుండవలసినదే. అట్టి స్థితిలో, నాలుగేండ్లు మించని ప్రాయమైనను మిగిలియుండునో లేదో తెలియని వేళ, ఆ యిరువది నాలుగేండ్ల యువకుడు తోడి రోగి యగు ఒక వంగదేశీయుని వద్ద వంగభాషను నేర్వ మొదలిడెను. ఏ విద్యాలయమును ఇయ్యని సంపద ఆ రోగశయ్య వారికి ఇచ్చినది. కోలుకొని తెనాలికి తిరిగివచ్చునప్పటికి శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని మూలగ్రంథములను స్వయముగ చదువుకొనగల శక్తి వారికి అబ్బినది.

1876లో జన్మించి 1938లో కాలధర్మము చెందిన శరత్తు వంగగ్రామముల కష్టసుఖములను చిత్రించిన మహారచయిత. చక్రపాణి గారు ఆయన నవలలను తెలుగులోనికి తెచ్చిరి. వాటిలో దేవదాసు జగత్ప్రసిద్ధము. వారి అనువాద విధానము సులభముగ కనబడును గాని ఆచరణమున కష్టతరము. మూలములోని వాక్యమును మాటకు మాట మోసికొనివచ్చుట వారి పద్ధతి కాదు. ఆ భావమును తెనాలి ప్రాంతమున చదువుకొన్న గృహస్థు ఎట్లు చెప్పుకొనునో అట్లు చెప్పిరి. శరత్తు తెలుగువాడే యని భ్రమించిన పాఠకులు ఎందరో కలరు. అనువాదకునకు ఇంతకు మించిన ప్రశంస లేదు. అయితే ఆ ప్రశంసలోనే అతని పేరు మరుగున పడును. చక్రపాణి గారు దానికి చింతింపలేదు.

1934 ప్రాంతమున వారు తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు గారి సహకారమున యువ యను మాసపత్రికను స్థాపించిరి. అనంతరము చలనచిత్రములకు రచన చేయుచు మద్రాసు చేరిరి. 1945 నాటి స్వర్గసీమకు వ్రాసిన మాటలు వారికి ఖ్యాతి తెచ్చినవి. అచ్చట బి.ఎన్.కె. ముద్రణాలయాధిపతి బి. నాగిరెడ్డి గారితో కుదిరిన స్నేహము కడవఱకు నిలిచినది. ఈ మిత్రద్వయమే విజయా సంస్థకు మూలస్తంభములు. 1950లో వెలువడిన షావుకారు ఒక పల్లెలో ఇరుగుపొరుగు కుటుంబముల స్నేహము తగవుగ మారి మరల చక్కబడిన కథ. 1955 నాటి మిస్సమ్మ రవీంద్రనాథ మైత్రా రచించిన వంగనాటకము ఆధారముగ కలది. ఉద్యోగము కొఱకు దంపతులమని బొంకిన యువతీయువకుల ఆ కథ మన అప్పారావుపేటలో జరిగినట్లే తోచును. శరత్తును తెలుగు చేసిన చేయియే ఇచ్చటను పని చేసినది.

అన్నిటికంటె గొప్ప కార్యము చందమామ. స్వాతంత్ర్యమునకు ఒక నెల ముందు, 1947 జూలైలో, ఈ బాలల మాసపత్రిక తెలుగు, తమిళ భాషలలో ఒకేసారి ఆరంభమైనది. క్రమముగ కన్నడము, హిందీ, మరాఠీ మున్నగు భాషలకు విస్తరించినది. రామాయణ భారతములు, బేతాళకథలు, దేశదేశముల జానపద గాథలు సరళమగు చిన్న వాక్యములతో, పుట పుటకు రంగుల బొమ్మలతో వెలువడినవి. అక్షరములు కూడబలుకుకొను బాలుడును, చత్వారము వచ్చిన తాతయు ఒకే ప్రతికై ఎదురుచూచిరి. 2013లో ఆగిపోవువఱకు ఆ పత్రిక అనేక తరములకు ప్రథమ గ్రంథాలయమైనది.

ఇచ్చట ఒక సత్యము చెప్పక తప్పదు. 1952 మొదలు 1980లో మరణించువఱకు చందమామ సంపాదకభారమును మోసినవారు తెనాలివారే యగు కుటుంబరావు గారు. పత్రికపై సంపాదకుడుగ అచ్చైనది మాత్రము చక్రపాణి గారి పేరే. పరుల గ్రంథమును తెలుగు చేసి తన పేరు మరుగున పడుటకు సమ్మతించిన మహాశయుని పత్రికలోనే వేఱొకరి శ్రమ మరుగున పడినది. మహనీయుల జీవితములను వ్రాయునపుడు దీనిని దాచుట న్యాయము కాదు. ఇరువురను కలిపి తలచుటయే ఉచితము.

1975 సెప్టెంబరు 24వ తేదీన చక్రపాణి గారు పరమపదించిరి. మందులేని జబ్బుతో మంచము పట్టినవారు ఆ పిమ్మట నలుబది మూడేండ్లు జీవించి, ఆ మంచముపై నేర్చిన భాషను తెలుగువారికి పంచిపెట్టిరి. బడిచదువు మధ్యలో ఆగినంత మాత్రమున విద్య ఆగవలసిన పని లేదనుటకు వారి జీవితమే నిదర్శనము. పత్తిచేలలోను మిరపకల్లములలోను పగలెల్ల శ్రమించి, దీపాలవేళ గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము తెఱచువారిని తలచుకొనియే మన పెద్దలు ఈ పల్లెలలో గ్రంథాలయములు నెలకొల్పిరి. అట్టివారికి అర్థమగునట్లు వ్రాయుటయే చక్రపాణి గారు జీవితాంతము పాటించిన వ్రతము. ఇకమీద పుస్తకము తెఱచునపుడు గ్రంథకర్త పేరు క్రింద చిన్న అక్షరములలోనుండు అనువాదకుని పేరును గూడ ఒక్కమారు చదువుదముగాక.