నైటింగేల్ గదిలో పిల్లులు

గద్వాల చీర అంచుకు పిల్లి వెంట్రుక అంటుకుందంటే ఇంట్లో పంచాయితీ మొదలే! వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా పెద్దవాళ్ల తీర్పు ఒకటే: పిల్లి తిరిగే ఇల్లు శుభ్రంగా ఉండదని. మరి శుభ్రతకు మారుపేరైన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఏం చేసిందో తెలుసా? జీవితకాలంలో 60కి పైగా పిల్లుల్ని పెంచింది!

1820లో పుట్టిన ఈ సంపన్నుల బిడ్డ ఇంట్లోవాళ్లు వద్దన్నా నర్సయింది. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లి, మురికితో నిండిన సైనికాసుపత్రిని బాగుచేయడానికి నడుం కట్టింది. తిరిగొచ్చాక జబ్బుపడి, ఏళ్ల తరబడి గదికే పరిమితమైంది. అక్కడినుంచే మన దేశంలోని పారిశుద్ధ్యం గురించీ రాసింది. చుట్టూ పర్షియన్ పిల్లులు. అంటే పొడుగు బొచ్చువే మరి! ఒకదాని పేరు బిస్మార్క్. సిరా తొక్కిన పిల్లి పాదాల గుర్తులు ఆమె ఉత్తరాల మీద ఇప్పటికీ ఉన్నాయి.

1859 నాటి నర్సింగ్ పుస్తకంలో ఆమె చెప్పింది చూడండి. దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడట. పొడిగుడ్డతో దులిపితే దుమ్ము పోదు, చోటు మారుతుందంతే, తడిగుడ్డతోనే తుడవాలంది. తివాచీలంటే ఆమెకు అస్సలు గిట్టదు. పిల్లి బొచ్చుకూ ఇదే లెక్క. చీపురు ఆడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిబట్టకైతే అంటుకొస్తుంది. షాబాద్ బండలున్న ఇళ్లలో మరీ సులువు. చీర పట్టు అంచును మాత్రం తడపకండి, మెత్తటి బ్రష్‌తో ఒకవైపుకే నిమరండి.

నైటింగేల్ 1910లో, 90 ఏళ్ల వయసులో, లండన్‌లోని తన గదిలోనే కన్నుమూసింది.