బ్రౌన్ దొర చేసిన రీస్టోర్

పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి, మా టీమ్ డేటాబేస్ ఫైళ్ళని నేనే పొరపాటున డిలీట్ చేసేశాను. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం. వెతికితే మూడు దొరికాయి. ఒకటి నెల పాతది, ఒకటి సగంలో ఆగిపోయింది, మూడోదాంట్లో రెండు టేబుల్స్ లేవు. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో రో పోల్చుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాం. బ్యాకప్ ఉండటం వేరు, దాంట్లోంచి పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం వేరు అని అప్పుడు తెలిసింది. తర్వాత సి.పి. బ్రౌన్ గురించి చదువుతుంటే, ఆయన తెలుగు పుస్తకాలకి ముప్పై ఏళ్ళ పాటు చేసింది ఇదే పని కదా అనిపించింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. 1812లో తండ్రి డేవిడ్ బ్రౌన్ చనిపోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులని తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో చదివి, 1817లో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు, అంటే దాదాపు మన వయసే. ఉద్యోగం కావాలంటే ఇక్కడి భాష నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో పాసై కడపలో చేరాడు.

1824లో డుబాయ్ అనే ఫ్రెంచ్ పాదిరీ రాసిన పుస్తకంలో ఆయనకి వేమన పేరు కనబడింది. ఆ పద్యాలు చదవాలనిపించి ప్రతులు తెప్పించాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు. రెండింట్లోనూ ఉంటే మాటలు వేరు.

అలా ఎందుకైందంటే, అప్పట్లో పుస్తకం అంటే ఎక్కువగా తాటాకుల కట్ట. గంటంతో ఆకు మీద గీసి, మసి పూస్తే అక్షరం కనిపిస్తుంది. కానీ ఆకుని పురుగు తింటుంది, చెమ్మ పాడుచేస్తుంది, పాతబడితే పొడిపొడిగా విరిగిపోతుంది. అందుకే అది పూర్తిగా పోకముందే ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదకి ఎక్కించాలి. ఎక్కించేవాడు ఒక అక్షరం తప్పు చదివితే, ఆ తప్పు ఆ తర్వాతి ప్రతులన్నింటిలోకీ వెళ్ళిపోతుంది. ఎక్కించేవాడే లేకపోతే పుస్తకం అక్కడితో సరి. అంటే బ్రౌన్ చేతికొచ్చిన ప్రతి కట్టా ఎక్కడో ఒకచోట పాడైన బ్యాకప్పే అన్నమాట.

ఆయన పద్ధతి చూస్తే మన ల్యాబ్‌లో చెప్పినట్టే ఉంటుంది. ముందు ఒక పుస్తకానికి దొరికినన్ని ప్రతులు సంపాదించడం. వాటిని లేఖకులతో కాగితం మీద శుభ్రంగా రాయించడం. ఎక్కడ మాట తేడాగా ఉందో అక్కడ ఆ పాఠభేదాలు గుర్తు పెట్టించడం. తర్వాత పండితులు కూర్చుని, పద్యం పద్యం చదువుతూ, ఏది సరైనదో వాదించుకుని తేల్చడం. కడపలో ఆయన బంగళాలో ఈ పని నడిచింది. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. జీతాలన్నీ ఆయన జేబులోంచే, చాలకపోతే అప్పు చేసి మరీ ఇచ్చాడు.

మనకి ఫైల్ పాడైందో లేదో చెప్పడానికి చెక్‌సమ్ ఉంటుంది. వాళ్ళకి ఛందస్సు ఉంది! ఒక అక్షరం ఎగిరిపోతే గణం తప్పుతుంది, మాట మారితే యతో ప్రాసో దెబ్బతింటుంది. పండితుడి చెవి వెంటనే పట్టేస్తుంది. కానీ లేఖకుడు ఛందస్సుకి సరిపోయే తప్పు మాట రాసేస్తే అది చెవికి దొరకదు. దానికి ఇంకో ప్రతి తెచ్చి పోల్చాల్సిందే. అందుకే బ్రౌన్ ఒక్క మంచి ప్రతితో తృప్తి పడలేదు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. అక్కడా ఆగలేదు. 1839లో వచ్చిన ముద్రణలో 1164 పద్యాలున్నాయి.

1830ల మధ్యలో కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లో ఉండాల్సి వచ్చింది. అక్కడ లండన్‌లోని ఇండియా హౌస్ లైబ్రరీలో దక్షిణ భారత భాషల పుస్తకాలు రెండు వేలకు పైగా పట్టించుకునేవాళ్ళు లేక పడి ఉన్నాయి. చదవగలిగినవాళ్ళు ఇక్కడ, పుస్తకాలు అక్కడ. ఆయన పట్టుబట్టి వాటిని మద్రాసు చేర్పించాడు. తాను పోగుచేసినవి కూడా 1840ల్లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవే తర్వాత చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోకి చేరాయి. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. మనం బ్రౌన్ పేరొక్కటే చెప్పుకుంటాం. ప్రతులు తెప్పించింది, డబ్బు పెట్టింది, పద్ధతి పెట్టింది ఆయనే. కానీ ఏ పాఠం నిలవాలో తేల్చడానికి కావలసిన చదువు జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి లాంటి పండితులది. వసుచరిత్ర, మనుచరిత్రలకి అప్పయ్య రాసిన వ్యాఖ్యానాలతోనే బ్రౌన్ ఆ పుస్తకాలు అచ్చువేయించాడు. ఆకులు కాగితం మీదకి ఎక్కించిన లేఖకుల్లో చాలామంది పేర్లు కూడా మనకి తెలీవు. గ్రూప్ ప్రాజెక్ట్‌లో అందరూ చేశాక టీమ్ లీడర్ పేరే మిగిలినట్టు అయింది.

1855లో బ్రౌన్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. తర్వాత లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా ఉన్నాడు. 1884 డిసెంబర్ 12న చనిపోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకుని బ్రౌన్ పేరుతో లైబ్రరీ కట్టించారు. బ్రౌన్ నిఘంటువుని షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు, సెర్చ్ చేసుకోవచ్చు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ఈ వ్యాసం రాస్తుంటే కొన్ని తెలుగు మాటలకి అర్థం తెలియలేదు. అందులోనే వెతుక్కున్నాను.