గుల్బదన్ బేగం: ఆరున్నరేళ్ల హజ్ ప్రయాణం

ఇవాళ హైదరాబాద్‌లో విమానం ఎక్కిన హాజీలు కొన్ని గంటల్లో అరబ్ గడ్డ మీద దిగుతారు. పోయిరావడానికి మొత్తం కలిపి ఇంచుమించు నలభై రోజులు. దాదాపు 450 ఏళ్ల క్రితం ఇదే నియ్యత్‌తో ఇల్లు వదిలిన ఓ మహిళ మళ్లీ ఇంటి గడప తొక్కడానికి ఆరున్నరేళ్లు పట్టింది. ఆమె మామూలు ఇంటి మనిషి కాదు. బాబర్ బాదుషా కూతురు, హుమాయూన్ చెల్లెలు, అక్బర్‌కు మేనత్త. పేరు గుల్బదన్ బేగం. వెనక అంత పెద్ద సల్తనత్ ఉండి కూడా, ఒక్క అనుమతి కాగితం కోసం ఆమె సూరత్‌లో దాదాపు ఏడాది ఎదురుచూడాల్సి వచ్చింది.

అయితే ఆ ప్రయాణం విలువ దూరంలోనో, కష్టంలోనో మాత్రమే లేదు. ఆమె తన వెంట ఎవరెవరిని తీసుకెళ్లారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

కాబూల్ నుంచి ఆగ్రాకు

గుల్బదన్ 1523 ప్రాంతంలో కాబూల్‌లో పుట్టారు. తల్లి దిల్దార్ బేగం. కన్నది దిల్దార్ అయినా, పసితనంలోనే ఆమెను హుమాయూన్ తల్లి మాహం బేగం తెచ్చుకుని పెంచుకున్నారు. బిడ్డ పసిగా ఉండగానే బాబర్ హిందుస్థాన్ మీదికి బయల్దేరారు. 1526లో పానిపట్టు గెలిచారు. ఆడవాళ్లు, పిల్లలు మాత్రం కాబూల్‌లోనే ఉండిపోయారు.

1529లో మాహం బేగంతో కలిసి గుల్బదన్ ఆగ్రాకు వచ్చారు. అప్పటికి ఆమెకు ఆరేళ్లు. భార్య వస్తోందన్న కబురు విని బాబర్ గుర్రానికి జీను వేసేదాకా కూడా ఆగలేదు, కాలినడకనే ఎదురెళ్లారు. మర్నాడు కూతురు వచ్చి నాన్న కాళ్ల మీద పడింది. ఆమెకు గుర్తుండేంతగా నాన్నతో గడిపింది ఆ కొద్ది కాలమే. 1530 డిసెంబర్‌లో బాబర్ కన్నుమూశారు.

ఆ తర్వాత అన్న హుమాయూన్ రాజ్యం. అది కూడా పదేళ్లు నిలవలేదు. 1539లో చౌసా దగ్గర షేర్ ఖాన్ చేతిలో హుమాయూన్ ఓడిపోయారు. ఆ గందరగోళంలో శిబిరంలోని ఆడవాళ్లు కొందరు జాడ తెలియకుండా పోయారు. వాళ్లలో హుమాయూన్ చిన్న కూతురు అఖీఖా కూడా ఉంది. యుద్ధంలో పోయిన సర్దార్ల పేర్లు చాలామంది రాశారు. తప్పిపోయిన ఆ ఆడవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుని, యాభై ఏళ్ల తర్వాత వరసగా కాగితం మీద పెట్టింది గుల్బదన్ ఒక్కరే.

అన్నదమ్ముల పోరు

1540లో హుమాయూన్ రాజ్యం పూర్తిగా పోయింది. ఆయన సింధ్ మీదుగా ఇరాన్ దారి పట్టారు. గుల్బదన్‌ను సవతి అన్న కమ్రాన్ పట్టుబట్టి తన వెంట తీసుకెళ్లారు. ఇష్టం లేకపోయినా ఆమె వెళ్లక తప్పలేదు. మళ్లీ కాబూల్ బతుకు. అప్పటికే ఆమెకు తమ బంధువే అయిన ఖిజర్ ఖ్వాజా ఖాన్‌తో నికాహ్ అయింది. సాదత్ యార్ అని ఓ కొడుకు.

ఆ తర్వాతి ఏళ్లన్నీ అన్నదమ్ముల కొట్లాటలే. ఒక పక్క హుమాయూన్, ఇంకో పక్క కమ్రాన్, ఆయనకు తోడు అస్కరీ. కాబూల్ కోట చేతులు మారింది, మళ్లీ మారింది. కోటలో ఉన్న ఆడవాళ్లకు ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఇంటి మనిషే. భర్తను తన వైపు రమ్మని ఉత్తరం రాయమంటూ కమ్రాన్ ఒత్తిడి తెచ్చినా ఆమె లొంగలేదు. హుమాయూన్‌కు ఎదురు నిలబడవద్దనే భర్తకు చెప్పుకున్నారు.

1551లో అసలు దెబ్బ తగిలింది. ఆమె సొంత అన్న, ఒకే తల్లి కడుపున పుట్టిన హిందాల్, కమ్రాన్ మనుషులు రాత్రిపూట చేసిన దాడిలో చనిపోయారు. ఆ బాధ ఆమె చివరిదాకా మరవలేదు. 1553లో కమ్రాన్ దొరికిపోయారు. చంపమని సర్దార్లు పట్టుబట్టారు. హుమాయూన్ ప్రాణం తియ్యలేదు గానీ కళ్లు పొడిపించారు. తర్వాత కమ్రాన్ మక్కా వెళ్లి, 1557లో అక్కడే కన్నుమూశారు. అంతకుముందే మక్కాకు పంపేసిన అస్కరీ దారిలోనే పోయారు. ఆ ఇంట్లో ఓడిన అన్నదమ్ములకు మక్కా అంటే హజ్ ఒక్కటే కాదు, దేశబహిష్కారం కూడా.

1556లో హుమాయూన్ పోయారు. మరుసటి ఏడాది గుల్బదన్, వదిన హమీదా బాను బేగం మిగతా ఆడవాళ్లతో కలిసి కాబూల్ నుంచి అక్బర్ దగ్గరికి వచ్చేశారు.

ఎవరెవరు బయల్దేరారు?

1575 అక్టోబర్‌లో ఫతేపూర్ సిక్రీ నుంచి ఆడవాళ్ల కాఫిలా కదిలింది. పెద్ద దిక్కు గుల్బదన్. వయసు యాభై దాటింది. వెంట అక్బర్ భార్య, బాబర్ మనవరాలు అయిన సలీమా సుల్తాన్ బేగం ఉన్నారు. గుల్బదన్ మనవరాలు ఉమ్మె కుల్సూమ్ ఉంది. బాబర్ కాలం నుంచి ఆ ఇంట్లోనే ఉన్న గుల్నార్ ఆఘా అనే పెద్దావిడ కూడా ఉన్నారు.

ఇంకా ముగ్గురి పేర్లు చూడాలి. ఒకరు అస్కరీ భార్య సుల్తానం. మిగతా ఇద్దరు హాజీ బేగం, గుల్ ఇజార్ బేగం. ఈ ఇద్దరూ కమ్రాన్ కూతుళ్లు.

ఒక్కసారి ఆలోచించండి. కమ్రాన్ వల్ల గుల్బదన్ సొంత అన్నను పోగొట్టుకున్నారు. గుల్బదన్ అన్న హుమాయూన్ వల్ల ఈ అక్కాచెల్లెళ్ల తండ్రి కళ్లు పోగొట్టుకుని, పరాయి గడ్డ మీద ప్రాణం వదిలారు. లెక్కలు తీస్తే ఇరువైపులా బాకీలే. ఆ ముగ్గురినీ గుల్బదన్ వెంటబెట్టుకుని అల్లాహ్ ఇంటికి బయల్దేరారు. తండ్రి దోషిగా వెళ్లిన ఊరికి ఇప్పుడు కూతుళ్లు బాదుషా ఖర్చుతో, బాదుషా మేనత్త పక్కన కూర్చుని వెళ్తున్నారు.

దారి ఖర్చంతా అక్బర్ భరించారు. ఐదేళ్ల షెహజాదా మురాద్‌ను సముద్రం దాకా సాగనంపమన్నారు. పసివాడిని అంతదూరం ఎందుకని గుల్బదనే ఆపించారు.

సూరత్‌లో ఆగిన కాఫిలా

గుజరాత్ అక్బర్ చేతికొచ్చి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. రేవు మొఘలులదే గానీ సముద్రం మాత్రం పోర్చుగీసులది. వాళ్లు ఇచ్చే కార్తాజ్ అనే అనుమతి చీటీ లేకుండా ఏ ఓడ కదిలినా దోపిడీకో, మంటలకో బలయ్యే ప్రమాదం ఉండేది. చీటీకి డబ్బు కట్టాలి, వాళ్లు చెప్పిన రేవులో సుంకమూ కట్టాలి.

ఆ చీటీ మీద హజ్రత్ మర్యమ్, హజ్రత్ ఈసా (అలైహిముస్సలాం) బొమ్మలు ఉండేవి. సముద్రం మీద పోతే బొమ్మలున్న కాగితం దగ్గర పెట్టుకోవాలి. భూమి మీద పోతే గొడవపడుతున్న ఇరాన్ రాజ్యం దాటాలి. అందుకే ఈ పరిస్థితుల్లో హజ్ ఫర్జ్ కాదని దర్బారులో పెద్ద ఆలిమ్ మఖ్దూముల్ ముల్క్ ఫత్వా కూడా ఇచ్చారు. అంటే వెళ్లకుండా ఉండటానికి షరియత్ పేరుతోనే సాకు దొరికిన కాలం అది. ఆ సాకును ఈ ఆడవాళ్లు వాడుకోలేదు.

ఎదురుచూపు నెలల తరబడి సాగింది. ఆలస్యం తెలిసి అక్బర్ సూరత్ అధికారి ఖిలీజ్ ఖాన్‌ను పురమాయించారు. కొన్నేళ్ల తర్వాత అక్బర్ దర్బారుకు వచ్చిన మోన్సెరాట్ అనే జెస్యూట్ పాదరీ రాసినదాని ప్రకారం, దారి సాఫీగా ఉండాలని గుల్బదన్ డామన్ దగ్గర్లోని బుల్సార్ ఊరిని పోర్చుగీసులకు వదులుకున్నారు. ఇవాళ మనం వల్సాడ్ అంటున్నది ఆ ఊరినే. హజ్ కోసం ఓ ఊరినే రుసుముగా కట్టారన్నమాట.

చివరికి 1576 అక్టోబర్‌లో బేగంలు సలీమీ అనే ఓడ ఎక్కారు. ఇలాహీ అనే ఇంకో ఓడ తోడుగా నడిచింది. అదే ఏడాది అక్బర్ సుల్తాన్ ఖ్వాజాను మీరె హజ్‌గా నియమించి, హరమైన్‌లో పంచమని 6 లక్షల రూపాయలు, 12 వేల ఖిల్లత్‌లు అప్పగించారు. తాను వెళ్లలేకపోయినా, ఇహ్రామ్ లాంటి బట్టలు కట్టుకుని కొన్ని అడుగులు ఆయన వెంట నడిచారు.

మక్కాలో మూడున్నరేళ్లు

మిగతావాళ్లు ఒక హజ్ చేసి ఇల్లు చేరతారు. బేగంలు మాత్రం మక్కాలో దాదాపు మూడున్నరేళ్లు ఉండిపోయారు. నాలుగు హజ్‌లు చేశారు. హిందుస్థాన్ నుంచి వచ్చిన డబ్బును సదఖాగా పంచారు. వాళ్ల చుట్టూ పేదలు, ప్రయాణికులు జనం జనంగా చేరేవారు.

ఇది ఇస్తాంబుల్‌కు నచ్చలేదు. హరమైన్‌కు ఖాదిమ్ అన్న పేరు ఉస్మానీ సుల్తాన్‌ది. పరాయి బాదుషా ఇంటి ఆడవాళ్లు అక్కడ మకాం పెట్టి దానాలు చేస్తుంటే పేరు ఎవరికి పోతుంది? మక్కాలో జనం కిక్కిరిసిపోతున్నారని, హిందుస్థాన్ వాళ్ల వల్ల ఇబ్బందులని చెబుతూ సుల్తాన్ మూడో మురాద్ నుంచి ఫర్మానాలు వచ్చాయి. వాళ్లను తిరిగి పంపేయాలని మక్కా షరీఫ్‌కు ఆదేశాలు అందాయి. దానం చేసినా అనుమానించే రోజులు అప్పుడూ ఉన్నాయి.

అదన్‌లో ఓడ పగిలింది

1580లో తిరుగు ప్రయాణం మొదలైంది. అదన్ దగ్గర ఓడ దెబ్బతిని, బేగంలు నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. ఆ ఊరి హాకిమ్ కూడా మర్యాదగా చూడలేదు. ఎండ, నీళ్ల కరువు, తెలియని మనుషులు. గుల్బదన్‌కు అప్పటికి దాదాపు అరవై ఏళ్లు. మళ్లీ ఓడ దొరికి, సూరత్ చేరి, అక్కణ్నుంచి అజ్మీర్‌లో ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ దర్గాకు వచ్చారు. అక్కడ షెహజాదా సలీం ఎదురొచ్చాడు. 1582 ఏప్రిల్‌లో ఫతేపూర్ సిక్రీ చేరారు.

వాళ్లు వదిలి వెళ్లిన దర్బారు ఇప్పుడు చాలా మారింది. ఇబాదత్‌ఖానాలో అన్ని మతాల వాళ్లూ వాదించుకుంటున్నారు. సముద్రం మీద దారి ఆపిన పోర్చుగీసుల పాదరీలే ఇప్పుడు బాదుషాకు అతిథులు. అయినా అత్త మీద అక్బర్ గౌరవం ఏమాత్రం తగ్గలేదు.

ఆగిపోయిన పుస్తకం

1587 ప్రాంతంలో, తాత బాబర్ గురించి, తండ్రి హుమాయూన్ గురించి గుర్తున్నదంతా రాయమని అక్బర్ ఆమెను కోరారు. అబుల్ ఫజల్ రాస్తున్న అక్బర్‌నామాకు ఆ సమాచారం కావాలి. దర్బారు రచయితల బరువైన ఫార్సీ ఆమెకు అక్కర్లేకపోయింది. ఇంట్లో మాట్లాడుకునే తీరులో, తుర్కీ మాటలు కలిపి హుమాయూన్‌నామా రాశారు. పెళ్లిళ్లు, విందులు, ఏడుపులు, పారిపోయిన రాత్రులు అన్నీ ఉన్నాయి. ఆ కాలంలో మొఘల్ ఇంటి లోపలి బతుకును ఆడమనిషి కళ్లతో చూపించే పుస్తకం ఇదొక్కటే.

దానికి మిగిలిన ప్రతి ఒక్కటే. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1902లో ఆనెట్ బెవరిడ్జ్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఆ ప్రతి చివరి పేజీలు లేవు. కమ్రాన్ కళ్లు పొడిపించిన ఘట్టం దగ్గర, వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. హజ్ గురించి ఆమె మాటల్లో మనకు ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

కానీ చూడండి, పుస్తకం ఆగిన చోటు నుంచి ఆమె జీవితం ముందుకే నడిచింది. కళ్లు పోయిన కమ్రాన్ దగ్గర కాగితం ఆగిపోయింది. ఆ కమ్రాన్ కూతుళ్లను ఆమె హజ్‌కు తీసుకెళ్లారు. మన ఇళ్లలో పొలం గట్టు దగ్గరో, వాటా దగ్గరో అన్నదమ్ములు విడిపోతే వాళ్ల పిల్లలు ఒకరి గడప ఒకరు తొక్కరు. హజ్‌కు బయల్దేరే ముందు అందరినీ కలిసి మాఫ్ అడిగి వెళ్లడం మనకు ఆనవాయితీ. గుల్బదన్ అడిగి ఊరుకోలేదు, వాళ్లను తన వెంటే తీసుకెళ్లారు.

1603 ఫిబ్రవరిలో కొద్ది రోజుల జ్వరంతో ఆమె కన్నుమూశారు. వయసు ఎనభై. చివరి ఘడియల్లో వదిన హమీదా బాను పక్కనే ఉన్నారు. ఆమె జనాజాను అక్బర్ కొంతదూరం స్వయంగా భుజాన మోశారు. ఆమె పేరు మీద దానధర్మాలు చేయించారు.

అల్లాహ్ ఆమె హజ్‌లను, ఆమె వెంట నడిచిన ఆ ఆడవాళ్లందరి హజ్‌లను ఖబూల్ చేయుగాక. ఆమీన్.