బడి భయపెట్టకూడదన్న బిషప్పు

పాఠం రాని పిల్లవాణ్ణి కొడితే పాఠం వస్తుందా? రాదని దాదాపు 400 సంవత్సరాల క్రితమే ఒక దైవసేవకుడు తేల్చి చెప్పారు. ఆయనే జాన్ ఆమోస్ కొమేనియస్.

ఆయన 1592 మార్చి 28న నేటి చెక్ దేశంలోని మొరేవియా ప్రాంతంలో జన్మించారు. పన్నెండేళ్ల ప్రాయంలోనే తండ్రిని, ఆ వెంటనే తల్లిని, ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్నారు. 16 ఏళ్లు వచ్చాక గాని లాటిన్ బడిలో చేరలేకపోయారు. ఆనాటి బడుల్లో అర్థం తెలియని వ్యాకరణ సూత్రాలను కంఠస్థం చేయించేవారు. తప్పితే బెత్తమే. తనలాంటి ఎందరి యౌవనమో ఆ బడుల్లో వృథా అయిందని తర్వాతి కాలంలో ఆయన బాధతో రాసుకున్నారు.

1616లో దైవసేవకు అభిషిక్తులయ్యారు. ముప్పయ్యేళ్ల యుద్ధం ఆయనను ఊరినుంచి తరిమింది. 1622లో తెగులు భార్యను, ఇద్దరు పసిబిడ్డలను తీసుకుపోయింది. 1628లో విశ్వాసం నిమిత్తం స్వదేశం విడిచి, పోలండులోని లెష్నో పట్టణం చేరారు. అక్కడ బడిలో బోధించారు, సంఘాన్ని కాశారు, బిషప్పు అయ్యారు.

ప్రతి బిడ్డా దేవుని స్వరూపమేనని, ధనిక, పేద, ఆడ, మగ తేడా లేకుండా అందరికీ చదువు చెప్పాలని ఆయన వాదించారు. బడిగదిలో వెలుగు, గోడలకు బొమ్మలు, పక్కన తోట ఉండాలన్నారు. దుష్ప్రవర్తనకు క్రమశిక్షణ అవసరమే గాని, పాఠం రానందుకు దెబ్బలు కూడవన్నారు. దెబ్బ చదువు మీద ప్రేమను పుట్టించదు, విసుగునే పుట్టిస్తుంది. శ్రుతి తప్పిన వాద్యాన్ని వాద్యకారుడు గోడకు కొట్టడు, ఓపికతో శ్రుతి చేస్తాడు అనేది ఆయన చెప్పిన పోలిక. 1658లో పిల్లల కోసం బొమ్మలతో ‘ఆర్బిస్ పిక్టస్’ అనే పాఠ్యపుస్తకం వెలువరించారు. అంతకు రెండేళ్ల ముందే లెష్నో తగలబడి, ఆయన రాతప్రతులెన్నో బూడిదయ్యాయి. అయినా కలం ఆపలేదు. 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, మన సంఘాలు నడిపే బడుల్లో పరీక్షా ఫలితాలు ఎంత శాతమని కమిటీలో అడుగుతాం. అక్కడి పిల్లవాడు భయం లేకుండా సందేహం అడగగలుగుతున్నాడా అని అడుగుతున్నామా? సండే స్కూలులో కంఠత వాక్యం తడబడిన బిడ్డను అందరి ముందు నిలబెట్టిన తప్పు మనలోనూ ఉంది. అలా నిలబడ్డ బిడ్డకు వాక్యం గుర్తుండదు, అవమానమే గుర్తుంటుంది. చిన్నబిడ్డలను ఎత్తుకొని ఆశీర్వదించిన ప్రభువు పేరు మన బడి గేటు మీద ఉంది. ఆ గేటు లోపల బిడ్డకు ఆయన ప్రేమ కనబడాలి.