పిడికెడు మట్టి కోసం ప్రాణమిచ్చారు

అంటార్కిటికా అనగానే కనుచూపు మేర మంచే గుర్తొస్తుంది. కానీ అక్కడా మంచు లేని నేలలున్నాయి. వాటినే మెక్‌మర్డో డ్రై వ్యాలీస్ అంటారు. ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు సుమారు 15 నుంచి 30 డిగ్రీల దిగువన ఉంటుంది. వాన మాటే లేదు. కురిసే కాస్త మంచు కూడా చాలావరకు నేలలో ఇంకకుండానే పొడిగాలులకు ఆవిరైపోతుంది. అలాంటి మట్టిలో జీవం ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తన ప్రాణాన్నే పోగొట్టుకున్న శాస్త్రవేత్త వుల్ఫ్ విష్నియాక్.

ఆయన 1922లో బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి రోమన్ పేరున్న ఫొటోగ్రాఫర్. తూర్పు యూరప్ యూదుల బతుకును ఫొటోల్లో నిలిపిన మనిషి. నాజీల కాలంలో ఆ కుటుంబం అమెరికా చేరింది. వుల్ఫ్ స్టాన్‌ఫర్డ్‌లో సూక్ష్మజీవుల శాస్త్రం చదివి, తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

తోడేలు ఉచ్చు

అంగారకుడి మీద జీవాన్ని కనిపెట్టే పరికరం తయారుచేయడానికి 1959లో నాసా ఆయనకు నిధులిచ్చింది. జీవశాస్త్రానికి నాసా ఇచ్చిన మొదటి గ్రాంటు అదే. పరికరం పనితీరు తేలికే. చిటికెడు మట్టిని పోషక ద్రవంలో వేస్తారు. సూక్ష్మజీవులుంటే పెరిగి ద్రవం మసకబారుతుంది. వుల్ఫ్ అంటే తోడేలు కదా, అందుకే దానికి వుల్ఫ్ ట్రాప్ అని పేరొచ్చింది. వైకింగ్ నౌకలో పంపడానికి ఎంపికైనా, ఖర్చు ఎక్కువవుతోందని 1972లో తీసేశారు. పన్నెండేళ్ల కష్టం నేలపాలైంది.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన అంటార్కిటికా దారి పట్టారు.

ఉప్పు, తేమ, ప్రాణం

తుంగభద్ర ఆయకట్టులో చవుడు తేలిన పొలాలు మన రైతులకు తెలిసినవే. అక్కడ నీరు ఎక్కువై ఉప్పు పైకొస్తుంది. డ్రై వ్యాలీస్‌లో సమస్య తిరగబడింది. కడిగేసే వాన లేక క్లోరైడ్లు, నైట్రేట్లు, సల్ఫేట్లు వేల ఏళ్లుగా పేరుకుపోయాయి. ఉన్న కొద్ది తేమనూ ఉప్పే పట్టి ఉంచితే సూక్ష్మజీవికి దక్కేదేముంటుంది? వాగులు, సరస్సుల అంచుల్లో జీవం కాస్త ఎక్కువ. ఎత్తయిన పొడి నేలల్లో బాగా తక్కువ.

అక్కడి కొన్ని మట్టి నమూనాల్లో ఏ జీవమూ లేదని నార్మన్ హోరోవిట్జ్ బృందం తేల్చింది. విష్నియాక్ ఒప్పుకోలేదు. మట్టిని ల్యాబ్‌కు తెచ్చి చూస్తే చాలదని, అది ఉన్నచోటే పరీక్షించాలని ఆయన వాదన. భూమి మీది మట్టిలోనే ప్రాణం లేదంటే అంగారకుడి మీద ఆశ ఎక్కడిది? ఈ వాదానికి అంత విలువ అందుకే.

చివరి ప్రయాణం

1973 డిసెంబర్ 10న ఆస్‌గార్డ్ పర్వతాల్లో అమర్చిన పరికరాలను తెచ్చుకోవడానికి ఒంటరిగా బయల్దేరారు. తిరిగి రాలేదు. వెతికితే మంచు కొండ అడుగున ఆయన మృతదేహం దొరికింది. సుమారు 150 మీటర్ల ఎత్తు నుంచి పడిపోయారు. అప్పటికి వయసు 51.

భార్య హెలెన్ కూడా సూక్ష్మజీవుల శాస్త్రవేత్తే. భర్త పోగుచేసిన నమూనాలను ఆమె పరిశీలించారు. వాటిలో ప్రాణం ఉంది. ఆ లోయల్లో దొరికిన ఒక కొత్త రకం ఈస్ట్‌కు 1979లో విష్నియాక్ పేరే పెట్టారు. ఆయన ఏరిన రాళ్లు ఇమ్రే ఫ్రీడ్‌మన్ చేతికి చేరాయి. మట్టి పైన బతకలేని జీవులు రాతి లోపల, వెలుతురూ తేమా అందే సన్నని పొరలో దాక్కుని బతుకుతున్నాయని ఆయన 1976లో ప్రకటించారు.

అదే ఏడాది వైకింగ్ నౌకలు అంగారకుడిపై దిగాయి, వుల్ఫ్ ట్రాప్ లేకుండానే. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాన్ని గుర్తించింది. రెండేళ్లకు డ్రై వ్యాలీస్ మట్టిలోనూ అదే లవణం బయటపడింది. రెండు నేలలనూ పోల్చి చూడాలన్న ఆయన దారి సరైనదే. అంగారకుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో ఒక బిలం ఇప్పుడు విష్నియాక్ పేరుతోనే ఉంది.